జీపీఎస్ రబ్బరు పట్టీ ఊడితే

అమ్ములూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పళ్లికరణై చిత్తడి నేలకు పట్టుకెళ్లే, చేత్తో పట్టుకునే జీపీఎస్ పరికరానికి చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఒక పక్క లేచిపోయింది, బటన్ల దగ్గర ఉబ్బింది. ఫెవిక్విక్ పెట్టేయనా అని అడిగావు. వద్దు. అది గట్టిపడి పెళుసవుతుంది. రబ్బరేమో పట్టుకున్నప్పుడల్లా వంగుతుంది, కాబట్టి కొన్నాళ్లకే మళ్లీ ఊడుతుంది. పైగా దాని ఆవిరికి చుట్టూ తెల్లటి మరకలు పడతాయి.

ముందు వేలితో రుద్ది చూడు. బంకలా అంటుకుంటే చెడింది పైపూత. చేతికి మెత్తగా తగలాలని వేసే పాలీయురేథేన్ పూత తేమకు మెల్లగా విచ్ఛిన్నమవుతుంది, మన చెన్నై గాలిలో తేమకేం కొదవ! దానికి అతికించే వైద్యం లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో మొత్తం తుడిచేయడమే. చూడ్డానికి బాగుండదు కానీ వస్తువు పనిచేస్తుంది.

నీది అది కాదనిపిస్తోంది. పట్టీ పొడిగానే ఉంది, సాగింది అంతే. చెమట, సన్‌స్క్రీన్, అన్నిటికన్నా దోమల మందు చేసే పని ఇది. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందులు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను, రబ్బరును పాడుచేస్తాయి. ఇకమీదట మందు రాసుకుని చేతులు కడుక్కున్నాకే దాన్ని ముట్టుకో.

రిచ్చీ స్ట్రీట్‌లో ఫోన్ రిపేరు సామాన్లమ్మే ఏ కొట్లో అడిగినా బీ-7000 అనే జిగురు ఇస్తారు. సూదిమొన ఉన్న చిన్న ట్యూబు. ఆరాక కూడా వంగే గుణం ఉంటుంది, మనకు కావలసింది అదే. డబుల్ సైడ్ టేపు కూడా ఇస్తామంటారు. తిన్నటి అంచులకు పరవాలేదు కానీ మూలల దగ్గర నిలవదు, నేనైతే కొనను.

బ్యాటరీలు తీసేయ్. ఊడినంత మేరే పట్టీ ఎత్తు, గట్టిగా ఉన్నచోట లాగకు. పాత జిగురును పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి, ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడువు. పొయ్యి దగ్గర కాదు, కిటికీ తీసి. గోళ్ల రంగు తీసే ద్రవం మాత్రం పొరపాటున కూడా వాడకు, అందులో అసిటోన్ ఉంటే జీపీఎస్ డొప్ప ప్లాస్టిక్ కరుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు: సాగిన పట్టీ గాడిలో పట్టదు. వెంటనే కత్తెర తీయకు. నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వు, ఒక్కోసారి కొంత తగ్గుతుంది. అతికించేటప్పుడు బటన్ల దగ్గర మొదలుపెట్టు. బటన్లు సరిగ్గా వాటి కన్నాల్లో కూర్చోవాలి, తక్కినదంతా ఎలా ఉన్నా సర్దుకోవచ్చు. మిగిలిన సాగును బటన్లు లేని పక్కకు నెట్టుకుంటూ వెళ్లు. చివరికీ ఎక్కువుంటే ఆ పక్కనే, తిన్నగా ఉన్నచోట కత్తిరించు. మూలలో కత్తిరిస్తే అక్కడి నుంచే మళ్లీ లేస్తుంది.

జిగురు సన్నటి గీతలా చాలు. కొద్ది నిమిషాలు ఆగి, కాస్త చిక్కబడ్డాక అదిమి, మాస్కింగ్ టేపు చుట్టి ఒక రోజంతా కదపకు. కొన్ని మోడళ్లలో ఎత్తు కొలిచే సెన్సారుకి గాలి వెళ్లే చిన్న కన్నం ఉంటుంది. అది ఎక్కడుందో ముందే చూసుకో, జిగురు అందులోకి పోతే ఎత్తు తప్పు చూపిస్తుంది.

డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉందన్నావు. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని. ఆ మాట ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వస్తువుకి, మనం ఇంట్లో అతికించినదానికి కాదు. బకెట్లో ముంచి పరీక్షించాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది, ముంచకు. వానలో జిప్ కవర్లో పెట్టుకుని వాడు, బటన్లు కవరు మీంచి కూడా నొక్కొచ్చు. పట్టీ కింద జీపీఎస్ డొప్ప అతుకే విడిపోయి కనిపిస్తే మాత్రం జిగురు పూయకుండా నా దగ్గరికి తీసుకురా.

మీ మావయ్య