అర్బన్ డిజైన్ సూత్రాలు: బోధించేవారి ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మూడో ఏడాది విద్యార్థులకు అర్బన్ డిజైన్ చెబుతున్నాను. పర్మియబిలిటీ (ఒక ప్రాంతం గుండా ఎన్ని దారుల్లో సులువుగా వెళ్లగలమన్నది), లెజిబిలిటీ (నగరం మనసులో ఎంత తేలిగ్గా గుర్తుండిపోతుందన్నది), ఎన్‌క్లోజర్ (వీధిని భవనాలు గదిలా ఎంత చుట్టుకుని ఉన్నాయన్నది) అంటే ఏమిటని అడిగితే గడగడా అప్పజెప్పేస్తారు. స్టూడియోలో గీసిన ప్లాన్లలో మాత్రం వాటి జాడ కనిపించదు. లోపం ఎక్కడుందంటారు?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: నిర్వచనంగా నేర్చుకున్న సూత్రం జవాబుపత్రం దాటి రాదండీ. ప్రతి సూత్రానికీ టేపుతోనో లెక్కతోనో తేల్చగల ఒక ప్రశ్న జతచేయండి. మొదటి రెండు వారాలు డిజైన్ జోలికే పోనివ్వకండి.

ముందు ఎన్‌క్లోజర్. ముగ్గురేసి జట్లు కట్టించి, ఒక్కో జట్టుకు ఒక వీధి, 30 మీటర్ల టేపు ఇవ్వండి. ఎవరి అంగ ఎంతో వాళ్లు తేల్చుకున్నాకే పని మొదలవ్వాలి. నేల మీద 20 మీటర్లు గుర్తుపెట్టి, మామూలు నడకతో మూడుసార్లు నడిచి, అంగల సగటు తీయాలి. ఆ తర్వాత వీధిని మూడుచోట్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కొలిచి 1:200లో సెక్షన్ (వీధిని అడ్డంగా కోసినట్టు చూపే చిత్రం) గీయాలి. ఆ స్కేలులో 1.7 మీటర్ల మనిషి 8.5 మిల్లీమీటర్లు ఉంటాడు. ప్రతి సెక్షన్‌లోనూ మనిషి ఉండి తీరాలి. భవనం ఎత్తుకు, వీధి వెడల్పుకు నిష్పత్తి 1:1 నుంచి 1:3 దాకా ఉంటే వీధి ఒక గదిలా అనిపిస్తుంది. 1:4 దాటితే గోడల పట్టు సడలిపోతుంది. అయితే వరసగా ఎదిగిన చెట్లుంటే వెడల్పాటి వీధికీ ఆ పట్టు తిరిగి వస్తుంది. కాబట్టి సెక్షన్‌లో చెట్లను వాటి అసలు కొలతలతోనే గీయించండి.

ఇక్కడ తరచూ రెండు తప్పులు దొర్లుతాయి. ఒకటి, కాలిబాట అంచు నుంచి అంచుకు కొలిచి దాన్నే వీధి వెడల్పు అనుకోవడం. రెండోది, కింది అంతస్తు ఎత్తు కొలవకుండా అన్ని అంతస్తులకూ 3 మీటర్లు వేసేయడం. దుకాణాలున్న కింది అంతస్తు సాధారణంగా అంతకంటే ఎత్తుగా ఉంటుంది.

పర్మియబిలిటీకి మూడు నగరాలు చాలు. 1:5000 స్కేలులో చదరపు కిలోమీటరు అంటే 20 సెంటీమీటర్ల చదరం. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర కేంద్రం, స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఎషాంప్ల అనే ప్రాంతం, అమెరికాలోనే సాల్ట్ లేక్ సిటీ పటాలను ఆ కొలతకు కత్తిరించి గోడ మీద పక్కపక్కనే పెట్టించండి. బ్లాకు (చుట్టూ వీధులున్న భవనాల గడి) భుజం పోర్ట్‌లాండ్‌లో సుమారు 61 మీటర్లు, బార్సిలోనాలో 113, సాల్ట్ లేక్ సిటీలో 200. వీధిని కూడా కలుపుకుంటే ఇవి సుమారు 80, 133, 240 అవుతాయి. ఈ గళ్లు ఎక్కడా తెగకుండా సాగితే చదరపు కిలోమీటరుకు వరుసగా 156, 56, 17 కూడళ్లు వస్తాయి. పర్మియబిలిటీ అంటే ఏమిటో ఆ గోడే చెబుతుంది. అంతటితో ఆపితే మాత్రం చిన్న బ్లాకే మంచిదన్న తొందరపాటు మిగిలిపోతుంది. పోర్ట్‌లాండ్ గడిలో దాదాపు 40 శాతం నేలను వీధులే తీసుకుంటాయని, బార్సిలోనాలో అది 28 శాతమేనని కూడా వాళ్లచేతే లెక్క కట్టించండి. ఒక సూత్రం మరోదాన్ని ఎక్కడ నొక్కుతుందో తెలియకుండా డిజైన్ నేర్పలేం.

ఐదు నిమిషాల నడక అని 400 మీటర్ల వృత్తం గీయడం మరో అలవాటు. మనిషి వృత్తంలో నడవడు, వీధుల్లో నడుస్తాడు. ఎంత సన్నటి గళ్ల వీధుల్లోనైనా 400 మీటర్ల నడకకు అందేది వజ్రం ఆకారంలోని 32 హెక్టార్లే. వృత్తం చూపించేది 50 హెక్టార్లు! మూడో వంతుకు పైగా లేని సౌకర్యాన్ని ఉన్నట్టు చూపిస్తున్నామన్నమాట. వృత్తం గీసిన ప్లాన్‌ను వెనక్కిచ్చి, వీధుల వెంట కొలిచి తెమ్మనండి.

లెజిబిలిటీ విషయంలో పద్ధతే తలకిందులైంది. 1960లో అమెరికా నగర ప్రణాళికావేత్త కెవిన్ లించ్ దారులు, అంచులు, ప్రాంతాలు, కూడళ్లు, గుర్తులు అనే ఐదు అంశాలు చెప్పింది బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ వాసులను అడిగి, వాళ్లచేత నగరాన్ని గీయించాక. మన విద్యార్థులు ఎవరినీ అడగకుండానే తమ ప్లాన్ మీద ఐదు రంగులు పూసేస్తారు. దారిన పోయే పదిమందిచేత జ్ఞాపకం నుంచి ఆ ప్రాంతం పటం గీయించి, వాటిని ట్రేసింగ్ కాగితం మీద ఒకదానిపై ఒకటి ఎక్కించమనండి. ఏడుగురు గీసింది గుర్తు. ఒక్కరూ గీయనిది ఎంత పెద్ద భవనమైనా గుర్తు కాదు.

ప్రశ్న: సాంద్రత అనగానే విద్యార్థులు టవర్లు గీస్తారు. ఎఫ్.ఎ.ఆర్. (అన్ని అంతస్తుల నిర్మాణం కలిపి సైటు వైశాల్యానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) లెక్క తెలిసినవాళ్లు కూడా! దీన్ని ఎలా మాన్పించాలి?

జవాబు: లెక్కను చేతికివ్వండి. సైటు ఒక హెక్టారు, ఎఫ్.ఎ.ఆర్. 1.5, అంటే 15,000 చదరపు మీటర్ల నిర్మాణం. 1:500లో సైటు 20 సెంటీమీటర్ల చదరం. 3 మీటర్ల అంతస్తు 6 మిల్లీమీటర్ల మందం. మొత్తం నిర్మాణం సరిగ్గా 600 చదరపు సెంటీమీటర్ల ఫోమ్ షీటు. (6 మిల్లీమీటర్లది దొరక్కపోతే 3 మిల్లీమీటర్లవి రెండు అతికించండి.) దాన్ని 2.4 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోస్తే మొత్తం 250 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. ఆ వెడల్పు 12 మీటర్లకు సమానం, రెండువైపులా కిటికీలుండే భవనానికి వెలుతురు అందే లోతు. ప్రతి జట్టుకూ ఇదే సరుకు. ముక్క మిగలకూడదు, ఎక్కువ అడగకూడదు.

ఒక జట్టు మూడంతస్తులతో సైటులో సగం, మరొకటి ఐదంతస్తులతో 30 శాతం, ఇంకొకటి పదిహేను అంతస్తులతో 10 శాతం కప్పాలి. మూడో జట్టు పట్టీలను పక్కపక్కన అతికించుకోవచ్చు. అయితే అప్పుడు భవనం మధ్యలో చీకటి ఎంత పోగైందో లెక్క చెప్పాలి. మూడు నమూనాలనూ ఒకే బల్ల మీద పెట్టాక మీరు అడగాల్సింది ఒక్కటే: ఖాళీగా మిగిలిన నేల వైపు ఎన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి? టవర్ జట్టు దగ్గర 90 శాతం నేల ఖాళీగా ఉంటుంది, తలుపు మాత్రం ఒకటో రెండో. ఆ నేలను ఎవరు చూసుకుంటారన్న చర్చ అక్కడ మొదలవుతుంది. టవర్ తప్పని తీర్పు చెప్పి పాఠం ముగించకండి, దాని కింది అంతస్తును సరిదిద్దమనండి.

నమూనాను పైనుంచి ఫొటో తీస్తే ఈ కసరత్తంతా వృథా. కంటి ఎత్తు 1.6 మీటర్లంటే ఈ స్కేలులో 3 మిల్లీమీటర్ల చిల్లర. ఫోన్‌ను తలకిందులు చేసి, లెన్సు బల్ల అంచు దగ్గర నమూనా నేలమట్టానికి వచ్చేలా పట్టుకుని తీయాలి.

ప్రశ్న: పరిశీలనకు పంపితే 'ఇక్కడ జనం బాగా తిరుగుతున్నారు' అని రాసుకొస్తారు. పనికొచ్చే సమాచారం రాబట్టడం ఎలా?

జవాబు: వీధికి అడ్డంగా ఊహారేఖ ఒకటి అనుకుని, ప్రతి గంటలో పది నిమిషాలు దాన్ని దాటినవాళ్లను లెక్కించి ఆరుతో హెచ్చించాలి. పది నిమిషాల్లో పదిమంది కూడా దాటని చోట ఈ హెచ్చింపు నమ్మదగింది కాదు, గంటంతా లెక్కించాలి. పనిదినం ఒకటి, సెలవు రోజు ఒకటి తప్పనిసరి. ఉదయం నుంచి రాత్రి దాకా వంతులు వేయండి. క్లాసు అయ్యాక మధ్యాహ్నం మాత్రమే వెళ్లొచ్చిన జట్టు ఆ వీధిని చూడనట్టే. వాన పడితే ఆ రోజు లెక్క విడిగా ఉంచాలి.

నడిచేవాళ్ల కంటే ఆగినవాళ్లు ఎక్కువ చెబుతారు. ప్లాన్ ప్రింటు మీద నిలబడినవారికి చుక్క, కూర్చున్నవారికి సున్నా, నీడకు గీత. అంతే చాలు. ముఖాల ఫొటోలు వద్దు.

ప్రశ్న: త్రీడీ చిత్రాలు ఎప్పటి నుంచి అనుమతించాలి?

జవాబు: 1:500 కింది అంతస్తు ప్లాన్‌లో ప్రతి తలుపూ కనిపించాక. వ్యాపార వీధిలో 100 మీటర్ల ముఖభాగానికి 15 నుంచి 20 తలుపులుంటే అది చురుకైన వీధి. ఐదారు మాత్రమే ఉంటే చిత్రంలో గొడుగులు, సైకిళ్లు, నవ్వే జనం ఎందరిని నింపినా అక్కడ ఆగేందుకు ఎవరికీ కారణం ఉండదు. విద్యార్థుల పనిని పరీక్షించే జ్యూరీలో ముందు తలుపులు లెక్కపెట్టండి, తర్వాతే చిత్రం చూడండి.