టీజేలో సీటు రాలేదు, కోర్టుకు వెళ్ళొచ్చా?

ప్రశ్న: మేము వర్జీనియాలో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటున్నాం. నాది హెచ్-1బీ. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. మొదట్నుంచీ మంచి గ్రేడ్లే, లెక్కల్లో క్లాసు కంటే ముందున్నాడు. సైన్స్, టెక్నాలజీకి పేరున్న ఇక్కడి సర్కారు స్కూలు థామస్ జెఫర్సన్ హైస్కూల్‌కి (టీజే) అప్లై చేస్తే సీటు రాలేదు. పాత పద్ధతిలో ఎంట్రన్స్ ఉంటే కచ్చితంగా వచ్చేదనీ, డైవర్సిటీ పేరుతో మన పిల్లల సీట్లు లాగేసుకుంటున్నారనీ అందరూ అంటున్నారు. అడ్మిషన్లలో జాతిని చూడొద్దన్న హార్వర్డ్ తీర్పు, డైవర్సిటీ ప్రోగ్రాంల మీద ట్రంప్ ఆర్డర్లు వచ్చాక ఇవన్నీ చట్టవిరుద్ధమే కదా? కేసు వేయొచ్చా? స్కూల్ బోర్డు మీటింగ్‌లో మాట్లాడినా, కంప్లైంట్ ఇచ్చినా వీసాకీ గ్రీన్ కార్డుకీ ఇబ్బంది వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. మా ఆవిడ హెచ్-4 ఈఏడీ (నా వీసా మీద వచ్చిన పని అనుమతి) మీద కౌంటీ ఆఫీసులో పనిచేస్తోంది. అక్కడ ఈక్విటీ (అన్ని వర్గాలకూ సమాన అవకాశాలు) ట్రైనింగ్ తప్పనిసరట. వెళ్ళనని చెప్పొచ్చా?

జవాబు: కేసు వేసే హక్కు మీకుంది. కానీ ఇప్పుడున్న చట్టం ప్రకారం వర్జీనియాలో అది నిలబడదని నా అభిప్రాయం. అచ్చంగా ఇదే కేసు మీకంటే ముందు వేరే తల్లిదండ్రులు వేశారు, సుప్రీం కోర్టు గుమ్మం దాకా తీసుకెళ్ళారు, ఓడిపోయారు. ఆ కేసు సంగతి కాస్త వివరంగా చెబుతాను. మీ సందేహాల్లో సగానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

టీజేలో 2020 దాకా ఎంట్రన్స్ పరీక్ష ఉండేది, 100 డాలర్ల అప్లికేషన్ ఫీజు ఉండేది. ఆ ఏడాది సీటు వచ్చిన నల్లజాతి పిల్లలు ఎంత తక్కువమందంటే, ఎవరెవరో గుర్తుపట్టేస్తారని అంకె కూడా ప్రకటించలేదు. దాని మీద పెద్ద గొడవైంది. స్కూల్ బోర్డు ముందు పరీక్షనూ ఫీజునూ తీసేసి, డిసెంబరులో కొత్త పద్ధతి తెచ్చింది. మొత్తం 550 సీట్లు. ప్రతి మిడిల్ స్కూలు నుంచీ ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతం మందికి సీట్లు పక్కన పెడతారు. మిగిలినవాటికి అందరూ కలిసి పోటీ పడాలి. కనీసం 3.5 జీపీఏ ఉండాలి, వ్యాసాలు రాయాలి. పేద కుటుంబమైనా, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలైనా, టీజేకి ఎప్పుడూ పెద్దగా ఎవరూ వెళ్ళని స్కూలు నుంచి వచ్చినా దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అప్లికేషన్ దిద్దేవాళ్ళకు మాత్రం పిల్లల పేరు గానీ జాతి గానీ కనపడవు.

తర్వాతి ఏడాది ఆఫర్లలో ఏషియన్ పిల్లల (మనవాళ్ళూ ఈ లెక్కలోకే వస్తారు) వాటా 73 శాతం నుంచి 54 శాతానికి పడిపోయింది. అంతకుముందు ఒక శాతం కూడా లేని పేద పిల్లలు 25 శాతం అయ్యారు.

2021 మార్చిలో ‘కోయలిషన్ ఫర్ టీజే’ అనే తల్లిదండ్రుల సంఘం ఫెడరల్ కోర్టుకెళ్ళింది. వాళ్ళ చేతిలో ఉన్నది గట్టి సాక్ష్యమే. బోర్డు సభ్యులిద్దరు ఒకరికొకరు పంపుకున్న మెసేజ్‌లు బయటికొచ్చాయి. ఈ వ్యవహారంలో ఏషియన్లంటే పడని ధోరణి ఎంతో కొంత ఉందని వాళ్ళే అందులో ఒప్పుకున్నారు. 2022 ఫిబ్రవరిలో జడ్జి క్లాడ్ హిల్టన్, ఇది జాతుల లెక్క సరిచేయడానికి చేసిన పనే, రాజ్యాంగ విరుద్ధం అని తీర్పిచ్చారు. మనవాళ్ళు చాలామందికి ఈ తీర్పొక్కటే గుర్తుంది. 2023 మేలో ఫోర్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2-1 తేడాతో దాన్ని కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. జస్టిస్ అలీటో, జస్టిస్ థామస్ మాత్రం వినాల్సిందేనని ఘాటుగా రాశారు.

అప్పీలు కోర్టు ఎందుకు అలా అంది? చట్టం అడిగేది మీ వాటా తగ్గిందా అని కాదు. రూలు పైకి అందరికీ ఒకేలా ఉన్నప్పుడు, అది ఒక జాతికి ఎక్కువ నష్టం చేసిందని చూపించాలి. ఆ నష్టం చేయాలనే దాన్ని తెచ్చారని కూడా చూపించాలి. నష్టం జరుగుతుందని తెలిసీ తెచ్చారంటే సరిపోదు. 1979 నుంచీ సుప్రీం కోర్టు చెబుతున్నది ఇదే. ఇక్కడ మొదటి మెట్టే దాటలేదంది కోర్టు. కొత్త పద్ధతిలో అప్లై చేసినవాళ్ళలో ఏషియన్లు 49 శాతానికి లోపే, ఆఫర్లు వచ్చినవాళ్ళలో 54 శాతం. అంటే అప్లై చేసిన నిష్పత్తి కంటే ఎక్కువే వచ్చాయి. నిరుడు ఎన్ని సీట్లొచ్చాయో ఈ ఏడాదీ అన్నే రావాలనే హక్కు ఏ వర్గానికీ లేదని తేల్చేసింది. బాగా చదివే వర్గమైతే చాలు, ఎంత కోత కోసినా అడిగే దిక్కుండదని చెప్పినట్టే కదా ఇది, అన్నది అలీటో అభ్యంతరం. అందులో బలం లేదని నేను అనను. కానీ ఫోర్త్ సర్క్యూట్ మాట వర్జీనియాలో ఉన్న ప్రతి ఫెడరల్ జడ్జినీ కట్టేస్తుంది. మీరు రేపు కేసు వేసినా మొదటి వాయిదాలోనే ఆ తీర్పు ముందుకొస్తుంది.

అదే తీర్పులో మన మీటింగుల్లో ఎవరూ ఎత్తని అంకె ఒకటుంది. 2020లో టీజేలో సీటొచ్చిన పేద ఏషియన్ పిల్లలు ఒకే ఒక్కరు. కొత్త పద్ధతి వచ్చిన ఏడాది 51 మంది. ఏషియన్ అనగానే మనం సాఫ్ట్‌వేర్ కుటుంబాన్నే ఊహించుకుంటాం. ఇదే కౌంటీలో హోటల్ వంటగదుల్లో, షాపు కౌంటర్ల దగ్గర రెండు షిఫ్టులు పనిచేసే ఏషియన్ తల్లిదండ్రులున్నారు. వాళ్ళ పిల్లలకు కోచింగ్ ఎక్కడిది? మీ అబ్బాయికి సీటు రాకపోవడం అన్యాయంగా అనిపించడం సహజం, తండ్రిగా మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మన పిల్లల సీట్లు లాగేసుకున్నారన్న మాట కోర్టులో పలికే ముందు, ఆ 51 మంది ఎవరి పిల్లలో కూడా చెప్పాల్సి వస్తుంది.

ఇది మన రిజర్వేషన్ లాంటిదే కదా అని చాలామంది అడుగుతుంటారు. కాదు. మన రాజ్యాంగంలో 15(4) అధికరణం 1951లోనే వచ్చింది, వెనుకబడిన వర్గాలకూ ఎస్సీ ఎస్టీలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని అక్షరాలా రాసుంది. అమెరికా రాజ్యాంగంలో అలాంటి వాక్యం లేదు. జాతిని బట్టి సీట్లు కేటాయించడం కుదరదని 1978లోనే అమెరికా సుప్రీం కోర్టు అంది. అడ్మిషన్‌లో జాతిని అసలు లెక్కలోకే తీసుకోకూడదని 2023 హార్వర్డ్ తీర్పు తేల్చింది. టీజే పద్ధతికి దగ్గరి చుట్టం బాసర ట్రిపుల్ ఐటీ. అక్కడ ఎంట్రన్స్ లేకుండా పదో తరగతి జీపీఏతో సీట్లిచ్చారు, సర్కారు బడిలో చదివినవాళ్ళకు 0.4 కలిపారు. కుల రిజర్వేషన్ దానికి వేరే. టీజేలో ఉన్నది ఆ 0.4 లాంటిది మాత్రమే, కుల రిజర్వేషన్ లాంటిది లేదు. హార్వర్డ్ తీర్పు నేరుగా తగలకపోవడానికి కారణం ఇదే. నేరుగా చేయకూడని పని దొడ్డిదారిన కూడా చేయకూడదని ఆ తీర్పులో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాసిన మాటను పట్టుకుని వాదించేవాళ్ళున్నారు. అయితే బోస్టన్‌లో టీజే లాగే పోటీ మీద సీట్లిచ్చే సర్కారు ‘ఎగ్జామ్ స్కూళ్ళ’ విషయంలో ఇలాంటి కేసునే 2024 డిసెంబరులో సుప్రీం కోర్టు మళ్ళీ పక్కన పెట్టేసింది.

అలాగని ఈక్విటీ పేరుతో ఏం చేసినా చెల్లుతుందని కాదు. ఫలానా జాతి పిల్లలకే ట్యూటరింగ్, ఫలానా జాతివాళ్ళకే ఇంటర్న్‌షిప్, మిగతావాళ్ళు అప్లై చేయొద్దు అని ఫారం మీద రాసుంటే అది 1964 పౌరహక్కుల చట్టానికి పూర్తిగా విరుద్ధం. అలాంటి కాగితం మీ చేతికొస్తే భద్రంగా ఉంచుకోండి, దాని మీద గెలవొచ్చు. కాబట్టి పోరాడదలచుకుంటే ముందు చూడాల్సింది ఆ ప్రోగ్రాం జాతిని అడుగుతోందా, లేక ఆదాయాన్నీ స్కూలునీ ఇంటి భాషనీ అడుగుతోందా అన్నది. దాని పేరులో ఈక్విటీ ఉందా లేదా అన్నది కోర్టుకు అనవసరం.

ప్రెసిడెంట్ ఆర్డర్ల సంగతి. 2025 జనవరి ఆర్డర్లు ఫెడరల్ శాఖలకు ఇచ్చిన ఆదేశాలు. కౌంటీ గానీ స్కూల్ బోర్డు గానీ ప్రెసిడెంట్ కింద పనిచేయవు. వాటి మీద ఒత్తిడి వచ్చేది ఫెడరల్ నిధుల దారిలో. జాతికి బదులు వేరే కొలమానాలు వాడటం కూడా తప్పేనంటూ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ 2025 ఫిబ్రవరి 14న స్కూళ్ళకు రాసిన లేఖను, అదే ఏడాది ఆగస్టులో మేరీల్యాండ్ ఫెడరల్ కోర్టు రద్దు చేసింది. టీజే మీద కూడా 2025 మేలో ఆ డిపార్ట్‌మెంట్ విచారణ మొదలుపెట్టింది. ఏషియన్ పిల్లల పట్ల వివక్ష జరిగిందని అప్పటి వర్జీనియా అటార్నీ జనరల్ పంపిన నివేదిక దానికి ఆధారం. విచారణ మొదలైందంటే తీర్పు వచ్చినట్టు కాదు. మీ వాట్సాప్ గ్రూపులో ఈ రెండూ కలిపేసి తిప్పుతుంటే నమ్మకండి.

మీకు పనికొచ్చే దారి ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లోని సివిల్ రైట్స్ ఆఫీసుకు కంప్లైంట్ ఇవ్వడం. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, పౌరసత్వం అడగరు. మీరు చెప్పే వివక్ష జరిగిన తేదీ నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాలి. సీటు రాలేదని చెప్పిన ఈమెయిల్ తేదీ నుంచి లెక్కేసుకోండి. దానికంటే ముందు, తల్లిదండ్రుల హోదాలో మీ అబ్బాయి రికార్డులు చూపించమని స్కూల్ డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా అడగండి. 45 రోజుల్లోపు చూపించాలి. ఏ వ్యాసం దగ్గర వెనకబడ్డాడో తెలిస్తే, తొమ్మిదో తరగతి చదువుతూ పదిలోకి మళ్ళీ అప్లై చేసేటప్పుడు అది పనికొస్తుంది. నిజం చెప్పాలంటే కేసు ఖర్చుతో పోలిస్తే ఈ ప్రయత్నం మీద నాకు ఎక్కువ ఆశ ఉంది.

మీ ఆవిడ విషయం త్వరగా చెప్పేస్తాను. కౌంటీ బోర్డు, స్కూల్ బోర్డు కలిసి 2017లో ‘వన్ ఫెయిర్‌ఫాక్స్’ అనే ఈక్విటీ పాలసీ తెచ్చుకున్నాయి. దాని కింద ఉద్యోగులకు ట్రైనింగ్ పెట్టడం యజమానిగా కౌంటీ ఇష్టం. ఆఫీసు టైములో పెట్టిన ట్రైనింగ్‌కి వెళ్ళనంటే క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. అందులో చెప్పేది నచ్చకపోవడం వివక్ష కాదు. జాతిని బట్టి ఉద్యోగుల్ని విడదీసి కూర్చోబెట్టడం, ఒక జాతివాళ్ళను పదే పదే కించపరచడం, ప్రమోషన్‌లో జాతిని చూడడం జరిగితే అప్పుడు వేరు. తేదీలతో సహా రాసిపెట్టుకుని, ముందు హెచ్ఆర్‌కి ఈమెయిల్ పెట్టమనండి. అలా అభ్యంతరం చెప్పినందుకు కక్ష సాధించడం నేరుగా చట్ట ఉల్లంఘన. మెజారిటీ వర్గం ఉద్యోగి వివక్ష కేసు వేస్తే అదనపు సాక్ష్యం అడగకూడదని 2025 జూన్‌లో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది కూడా.

ఇక మీ అసలు టెన్షన్, వీసా. స్కూల్ బోర్డు మీటింగ్‌లో పేరిచ్చి మాట్లాడటం, మెంబరుకు ఉత్తరం రాయడం, కంప్లైంట్ ఇవ్వడం, వీటిలో ఏ ఒక్కటీ హెచ్-1బీ నిబంధనలకు విరుద్ధం కాదు. చట్టం ముందు సమాన రక్షణ పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ఏ మనిషికైనా వర్తిస్తుందని శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీలు నడుపుకునే చైనావాళ్ళ కేసులో 1886లోనే తేలింది. వీసా మీద ఉన్నవాళ్ళు రాజకీయంగా నోరు విప్పితే ప్రభుత్వం కన్నెర్ర చేస్తున్న రోజులివి, అందుకే మీ భయాన్ని నేను కొట్టిపారేయను. హాల్లో గొడవ పడటం, బయటికి వెళ్ళమంటే వెళ్ళకపోవడం, అరెస్టు దాకా తెచ్చుకోవడం మాత్రం వద్దు. ఇమిగ్రేషన్ ఫైల్లో ఆ ఒక్క కాగితం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

మనవాళ్ళు తెలియక ఇరుక్కునేది మాట్లాడినందుకు కాదు, డబ్బిచ్చినందుకూ సంతకం పెట్టినందుకూ. హెచ్-1బీ, హెచ్-4 మీదున్నవాళ్ళు స్కూల్ బోర్డు అభ్యర్థికి పది డాలర్లిచ్చినా ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించినట్టే. గ్రీన్ కార్డు వచ్చాక ఇవ్వొచ్చు. జీతం తీసుకోకుండా వలంటీరుగా పనిచేయొచ్చు, కోర్టు ఖర్చులకు ఏదైనా సంఘానికి విరాళం ఇవ్వొచ్చు. బోర్డు సభ్యుణ్ణి తొలగించాలంటూ మీటింగ్ బయట క్లిప్‌బోర్డు పట్టుకుని సంతకాలు అడిగేవాళ్ళు ఎదురైతే సంతకం పెట్టకండి. వర్జీనియాలో అలాంటి పిటిషన్ మీద సంతకం చేయాల్సింది రిజిస్టరైన ఓటర్లే. ఓటరునని సంతకం పెడితే పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ అబద్ధానికి గ్రీన్ కార్డు శాశ్వతంగా ఆగిపోయే ప్రమాదం ఉంది, తెలియక పెట్టానంటే వినే అధికారులు అరుదు. మీ స్నేహితుల్లో పౌరసత్వం వచ్చి ఓటరుగా రిజిస్టరైనవాళ్ళుంటే, సంతకం వాళ్ళను పెట్టమనండి. మీరు మైకు దగ్గరకెళ్ళి, వ్యాసాలకు మార్కులు ఏ ప్రాతిపదిక మీద వేస్తున్నారో బయటపెట్టమని అడగండి.