వివాదమంటే తగాదాయేనా?

సందేహం: మా కళాశాలలో విద్యార్థులకు జట్ల డిబేట్ తెలుగులో పెడుతున్నాం. పద్ధతి బ్రిటిష్ పార్లమెంటరీ. నోటీసులో 'వివాద పోటీలు' అని రాశాను. మా ప్రిన్సిపాల్ గారు "వివాదమంటే గొడవ, పేపర్లోకి ఎక్కుతాం" అని కొట్టేసి 'డిబేట్ పోటీలు' అని వేయించారు. వివాదం అనడం తప్పా? చర్చ అనాలా? 'దిస్ హౌస్' అని మొదలయ్యే అంశాన్ని ఒక విద్యార్థి 'ఈ ఇల్లు నమ్ముతుంది' అని రాసుకొచ్చాడు. దాన్నెలా దిద్దాలి?
– ఒక అధ్యాపకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: తప్పు కాదమ్మా. అలాగని మీ ప్రిన్సిపాల్ గారి భయాన్నీ కొట్టిపారేయలేను. భూవివాదం, సరిహద్దు వివాదం, నీటి వివాదం అంటూ పత్రికలు ఆ మాటను రోజూ నలుపుతున్నాయి. 'వివాదాస్పద వ్యాఖ్యలు' లేని రోజే లేదు. ఇన్ని చదివిన మనిషి నోటీసు బోర్డు మీద ఆ మాట కనబడితే ఉలిక్కిపడకుండా ఎలా ఉంటారు? కానీ మీ ఊళ్లోనే హిందీ దినోత్సవం, సెప్టెంబరు 14 దగ్గరపడుతుంటే కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల గోడల మీద 'వాద్-వివాద్ ప్రతియోగిత' అని బ్యానర్లు కడతారు. అది చూసి ఎవరూ పోలీసులకు ఫోను చేయరు. హిందీలో పెద్దమనిషిగా చెలామణీ అవుతున్న మాట మన దగ్గరికి వచ్చేసరికి రౌడీషీటర్ అయి కూర్చుంది.

శ్రీనాథుణ్ణి అడుగుదాం. ఆయన్ని అడగడానికి నాకెప్పుడూ ఏదో ఒక సాకు కావాలి, ఈసారి మీరిచ్చారు. 'దీనారటంకాల తీర్థమాడించితి' అని మొదలయ్యే చాటు సీసం మీకు నోటికి వచ్చే ఉంటుంది. అందులో మూడో పాదం:

పగులగొట్టించి తుద్భట వివాదప్రౌఢి
గౌడడిండిమభట్టు కంచుఢక్క

విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువు, పదిహేనో శతాబ్ది. ఆ కొలువులో పేరుమోసిన పండితుడు గౌడడిండిమభట్టు ఎక్కడికి వెళ్లినా ముందు కంచుఢక్క మోగాలి. ఆ ఢక్కను ఈ కొండవీటి కవి పగలగొట్టించాడు. దేనితో? 'ఉద్భట వివాదప్రౌఢి'తో. అంటే జంకుగొంకు లేని వాదనానేర్పుతో. పద్యం సరస్వతితో చెప్పుకున్నది. ఇక్కడ వివాదం అన్నది తగాదా అయితే, ఆమె ముందు నిలబడి "అమ్మా, నేను బాగా తగాదా పడతాను" అని చెప్పుకున్నట్టవుతుంది. శ్రీనాథుడు అంత మాట అనుకునే మనిషా? ఆయనకది విద్య, నిండుకొలువులో పదిమంది ఎదుట నెగ్గాల్సిన విద్య.

పాదంలో చప్పుడు వినండి. ఉద్భట, భట్టు, డిండిమ, ఢక్క: పగలబోయే ఢక్క ముందే మోగుతోంది. 'పగులగొట్టితి' అనలేదు, 'పగులగొట్టించితి' అన్నాడు. కొట్టింది రాజాజ్ఞ, కొట్టించింది తన మాట. 'ప్రౌఢి' అన్నచోట ప్రౌఢదేవరాయల పేరు కూడా లీలగా వినిపిస్తుందని నా అనుమానం. ఒప్పుకోని వాళ్లతో పేచీ లేదు. ఒక్కటే లోటు. ఇద్దరూ ఏ విషయం మీద వాదించారో పద్యం చెప్పదు. ఢక్క పగిలిందని తెలుసు, ఎందుకు పగిలిందో తెలియదు. మీ పోటీలో అలా కుదరదు కదా, అంశం ముందు చెప్పాల్సిందే.

చెప్పినా ఎంత ముందు చెబుతారు? పావుగంట. నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు. రెండు జట్లు ప్రభుత్వం వైపు, రెండు విపక్షం వైపు. ఎవరెటో వాళ్ల ఇష్టం కాదు, డ్రాలో వచ్చినదాన్ని బట్టి. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం విడిచిపెట్టి నడుమ ఎప్పుడైనా అవతలి పక్షం వాళ్లు లేచి ప్రశ్న వేయవచ్చు. మాట్లాడేవాడు సరేనంటే అడగాలి, వద్దంటే కూర్చోవాలి. చివరగా లేచే విపక్షపు విప్ కొత్త వాదన ఎత్తకూడదు, జరిగిన వాదన బరువు తూచి చెప్పాలి. అసలు తమాషా వేరే ఉంది. నాలుగు జట్లకూ ఒకటి నుంచి నాలుగు దాకా స్థానాలిచ్చి 3, 2, 1, 0 పాయింట్లు వేస్తారు. అంటే మీ పక్షంలోనే ముందు మాట్లాడిన జట్టును కూడా మీరు దాటాలి, అలాగని వాళ్ల మాటను కాదనకూడదు. వాళ్లకు తట్టని కొత్త సంగతి ఏదో తేవాలి.

అందుకే నాకు 'వివాదం' ఇష్టం. 'వి' అన్న ఉపసర్గకు విరోధం ఒక్కటే అర్థం కాదు, వేర్వేరుగా అన్న అర్థమూ ఉంది. నాలుగు జట్లు నాలుగు రకాలుగా పలికే ఈ ఆటకు అంతకన్నా అతికే మాట నాకు దొరకలేదు. 'వాదప్రతివాదాలు' అంటే రెండే గొంతులు, పైగా కోర్టు వాసన.

శాస్త్రం పట్టుకుని కూర్చుంటే ఇంకో చిక్కు. న్యాయసూత్రాల్లో గౌతముడు వాదించుకోవడాన్ని మూడుగా విడగొట్టాడు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. పక్షం డ్రాలో వచ్చి గెలుపే లక్ష్యమైన మీ పోటీ ఈ లెక్కన అచ్చమైన జల్పం. నోటీసులో 'జల్ప పోటీలు' అని వేస్తే ప్రిన్సిపాల్ గారు రాజీనామా చేస్తారేమో, మీరు మాత్రం ఆ పని చేయకండి. ఇక ఎదురు మాట్లాడిన ప్రతి పిల్లవాణ్ణీ 'వితండవాదం చేయకు' అనే పెద్దలు ఒక్కసారి ఆ సూత్రం చదివితే బాగుండును. తన పక్షమంటూ ఒకటి నిలబెట్టినవాడిది వితండ ఎలా అవుతుంది?

చర్చ అనాలా అని కూడా అడిగారు. చర్చలో పక్షాలుండాలని లేదు, గెలుపోటములు అసలే లేవు. అందుకే ఈ పోటీకి ఆ మాట అతకదు.

అయితే వివాదానికి వ్యాజ్యం అన్న అర్థాన్ని పత్రికలే పుట్టించాయనలేను. అప్పు, పొలం గట్టు, ఆస్తి పంపకం లాంటి తగవులను ధర్మశాస్త్రకారులే వివాదపదాలన్నారు. ఆ 'తగవు' సంగతీ చూడండి. తగినది తగవు, పాతకాలంలో న్యాయమని అర్థం. న్యాయం చెప్పేవాడు తగవరి. ఇప్పుడు మన వైపు ఎవరింట్లోనైనా తగువు అయిందంటే జనం పోగవుతారు. కాబట్టి నా మట్టుకు నేను 'వివాద పోటీలు' అనే రాస్తాను. మీ కళాశాలలో అది చెల్లకపోతే 'వాద వివాద పోటీలు' అని జంట చేయండి, పక్కన వాదం ఉంటే వివాదం కొంచెం మర్యాదగా కనిపిస్తుంది. అదీ కుదరకపోతే డిబేటే ఉంచండి. మీ ఊళ్లోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1926లో తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జ్ యూనియన్‌లో ఆ డిబేట్లలోనే రాటుదేలి వచ్చినవారు. తెలుగులో 'కవిత్వతత్త్వవిచారము' అనే విమర్శగ్రంథం రాయడానికి అదేమీ అడ్డు రాలేదు.

ఇక ఆ 'ఇల్లు'. హౌస్ అంటే ఇక్కడ సభ. ఆ పిల్లవాడు తడబడింది ఆ ఒక్క మాటలోనే కాదు, వరసలో కూడా. ఇంగ్లిషులో సభ ముందు కూర్చుంటుంది, తెలుగులో విషయాన్ని ముందు నడిపించి సభను చివర నిలబెట్టాలి. 'బీచ్ రోడ్డులో ఆదివారాలు వాహనాలను ఆపేయాలని ఈ సభ అభిప్రాయం' అని రాయించండి. 'నమ్ముతుంది' వద్దు. సభలు నమ్మవు, తీర్మానిస్తాయి.