ఏడవనివ్వండి, అబద్ధం మాత్రం చెప్పకండి

పాఠకుల ప్రశ్నలు – పిల్లల క్యాన్సర్ వైద్యులు, నర్సుల జవాబులు

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఎ.ఎల్.ఎల్. రకం బ్లడ్ క్యాన్సర్. మూడు నెలలుగా హైదరాబాద్‌లో కీమో ఇప్పిస్తున్నాం. మొదట్లో ‘మామయ్య ఇంటికి’ అని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇప్పుడు ఆటో ఎక్కమన్నా ఏడుపే. మా అత్తగారేమో ‘మగపిల్లాడివి, ఏడవకూడదు’ అంటారు. వాడికి ధైర్యం ఎలా వస్తుంది?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: వాడు సూది కంటే మీ మాటకు ఎక్కువ భయపడుతున్నాడమ్మా. ఎటు పోతున్నామో తెలియని పిల్లాడికి ప్రతి ఆటో ఆసుపత్రి ఆటోనే. ఈ చికిత్స రెండు, రెండున్నరేళ్లు సాగేది కనుక పోయిన నమ్మకం తిరిగి తెచ్చుకోవడానికి వ్యవధి ఉంది. ముందురోజు సాయంత్రమే చెప్పండి: ‘రేపు ఆసుపత్రి. రక్తం తీస్తారు. వెన్నులో సూది లేదు.’ ఉంటే ఉందనే చెప్పండి. ‘నొప్పే ఉండదు’ అనొద్దు. ‘చురుక్కుమంటుంది, కాసేపటికి తగ్గుతుంది’ అంటే చాలు.

ఇక ఏడుపు సంగతి. వాడి పని ఒక్కటే, చెయ్యి కదపకపోవడం. ఏడవాలో వద్దో వాడిష్టం. ఏడుస్తూనే చెయ్యి చాపినవాడికి ధైర్యం లేదని ఎవరంటారు? అత్తగారికి ఈ ముక్క నెమ్మదిగా చెప్పండి. నలుగురు పట్టుకుని మంచానికి అదిమిపెడితే మాత్రం మరుసటిసారి భయం రెట్టింపవుతుంది. వాణ్ని ఒళ్లో, మీకు ఆనుకునేలా నిటారుగా కూర్చోబెట్టుకోండి. సబ్బు బుడగలు ఊదించండి. ఏ చేతికి సూదో వాడినే చెప్పమనండి. ‘వేయించుకుంటావా?’ అని అడక్కండి. వద్దంటే మీరు చేయగలిగిందేమీ ఉండదు.

లిగ్నోకైన్, ప్రైలోకైన్ కలిసిన తిమ్మిరి క్రీము గురించి డాక్టరును అడగండి. చాలామంది పది నిమిషాల ముందు పల్చగా రాసి ‘ఇది పనిచేయదు’ అంటారు. సూదికి గంట ముందు, ఒక్కోచోట ఒకటి రెండు గ్రాములు, అంటే 5 గ్రాముల ట్యూబులో మూడో వంతు, రుద్దకుండా మందంగా పెట్టి పైన పారదర్శకమైన ప్లాస్టరు అంటించాలి. చర్మం తెల్లబడితే కంగారు వద్దు. నరం కాస్త ముడుచుకుంటుంది కనుక సూదికి పది నిమిషాల ముందు తుడిచేయండి. సిస్టర్ చూపించిన రెండు చోట్లా పెట్టండి. ఒకచోట రాసి మరోచోట గుచ్చితే ఏం లాభం? పుండు, గీత ఉన్నచోట రాయకూడదు.

మత్తిచ్చి వెన్నులో సూది వేసే రోజు ఆరు గంటల ముందు నుంచి తిండి, పాలు బంద్. నీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. తెల్లవారుజామున జాలిపడి ఎవరో ఒక బిస్కెట్టు పెడతారు, సూది వాయిదా పడుతుంది, భయం ఇంకోరోజు సాగుతుంది. అన్నట్టు, ఆ సూదిలో ఎక్కువగా ఇచ్చేది మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు. దాన్నీ, దాని అన్నలాంటి అమినోప్టెరిన్‌నూ అమెరికాలోని లెడర్లీ సంస్థలో రూపొందించిన పరిశోధకుల బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, అమినోప్టెరిన్‌తో పిల్లల బ్లడ్ క్యాన్సర్ కొంతకాలమైనా అణుగుతుందని చూపించారు. వాడికి కథగా చెప్పి చూడండి.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. కీమో నడుస్తోంది. నొప్పి అని ఒక్కమాట అనదు. అందరూ ‘ఎంత ధైర్యం!’ అంటున్నారు. ఇలా ఉండటం మంచిదేనా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మెచ్చుకోలు కాస్త తగ్గించండి. ఆ మాట నిలబెట్టుకోవడానికే కొందరు పిల్లలు నొప్పి దాచేస్తారు. ‘నొప్పి ఉందా?’ అంటే ‘లేదు’ అంటుంది. ‘సున్నా నుంచి పది వరకు ఎంత?’ అని అడగండి. రోజూ నోట్లో పూత చూడండి. విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు ఇస్తుంటే దవడ నొప్పి, మలబద్ధకం, పాదం బలహీనపడటం ఉండవచ్చు. మడమల మీద నాలుగడుగులు వేయమనండి. వేయలేకపోయినా, నడుస్తుంటే చెప్పులు జారిపోతున్నా డాక్టరుకు చెప్పాలి. మలబద్ధకానికి ఎనిమా వద్దు. తెల్లకణాలు తగ్గినప్పుడు అక్కడి చిన్న గాయం నుంచే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోతుంది.

అన్నిటికంటే ప్రమాదం, ఆసుపత్రిలో చేరుస్తారేమోనని జ్వరం దాచడం. థర్మామీటరు 100.4 ఫారన్‌హీట్ చూపిస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేసి బయలుదేరండి. డాక్టరు చెప్పకుండా పారాసిటమాల్ వేయొద్దు. తెల్లకణాలు పడిపోయినప్పుడు చీము పట్టదు, వాపు రాదు, చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. మాత్ర దాన్నీ చెరిపేస్తుంది. ఆసుపత్రి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. సంచీ సర్ది తలుపు దగ్గరే ఉంచుకోండి. చికిత్స కాగితాలు, తాజా రక్తపరీక్ష రిపోర్టు అందులోనే.

ప్రశ్న: కీమోలో ఉన్న మా బాబు క్లాసులో ఒకరికి ఆటలమ్మ పోసింది. మావాడికి ఇంకా ఏమీ రాలేదు. ఆగి చూడవచ్చా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ఆగొద్దు. వేపమండలు కట్టి ఎదురుచూసే అమ్మవారు కాదిది. ఒంట్లో రక్షణ లేని పిల్లల్లో ఊపిరితిత్తుల దాకా పోగలదు. ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి, బాబు ఆ పిల్లవాడి పక్కన ఏ రోజు, ఎంతసేపు కూర్చున్నాడో చెప్పండి. అవసరమనుకుంటే రక్షణ ఇంజెక్షన్ ఇస్తారు. అది వీలైతే, పక్కన కూర్చున్న రోజు నుంచి నాలుగు రోజుల్లోపే పడాలి.