యుద్ధం నడుస్తుంటే కప్పు ఎవరిది?

ప్రశ్న: మేం సిడ్నీలో పారమట్టా దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయి స్కూల్లో రగ్బీ లీగ్ (జట్టుకు పదమూడు మందితో ఆడే రగ్బీ) ఆడతాడు. సిడ్నీ ప్రీమియర్‌షిప్ పాత విజేతల జాబితా చూస్తే 1940 నుంచి 1945 దాకా ఒక్క ఏడూ ఖాళీ లేదు. ప్రపంచ యుద్ధం మధ్యలో పోటీలెలా పెట్టారు? వయసులో ఉన్న మగవాళ్ళంతా సైన్యంలో ఉండాలి కదా? ఆడినవాళ్ళు యుద్ధం ఎగ్గొట్టినవాళ్ళేనా? అప్పటి కప్పుకు విలువుందా?

జవాబు: ఎగ్గొట్టారనే ముందు ఇద్దరు పోలీసుల సంగతి వినండి. ఇద్దరూ 1943 సీజన్ ఆడినవాళ్ళే.

మొదటివాడు ఫ్రాంక్ ఫారెల్. జనం పిలిచే పేరు బంపర్. న్యూటౌన్ జట్టు ఫార్వర్డ్‌లకు, అంటే ముందుండి ఢీకొనే బలమైన ఆటగాళ్ళకు, పెద్దదిక్కు. పోలీసు ఉద్యోగం అత్యవసర సేవ కింద లెక్క కాబట్టి యుద్ధకాలమంతా సిడ్నీలోనే ఉన్నాడు. వారమంతా డ్యూటీ, శనివారం మధ్యాహ్నం ఆట. రెండోవాడు స్పెన్సర్ వాక్‌లేట్. ఆ ఏడాది సెయింట్ జార్జ్ తరఫున ఆడాడు. తర్వాత సైన్యంలో చేరి, శత్రువు వెనక రహస్యంగా పనిచేసే జెడ్ స్పెషల్ యూనిట్‌లోకి వెళ్ళాడు. 1945 ఏప్రిల్‌లో న్యూగినీ తీరాన ముషు దీవికి ఎనిమిది మందిని పంపితే ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ ఒక్కడు వాక్‌లేట్ కాదు. జపాన్ సైనికులు అతణ్ణి పట్టుకుని చంపేశారు. అవశేషాలు దాదాపు డెబ్భై ఏళ్ళకు దొరికాయి. 2014లో పోర్ట్ మోర్స్‌బీ దగ్గర బొమానా యుద్ధ శ్మశానంలో ఖననం చేశారు.

ఒకే ఉద్యోగం, ఒకే ఆట, ఒకే సీజన్. ఒకడు ఉండిపోయాడు, ఒకడు వెళ్ళాడు. ఉండిపోయినవాణ్ణి పిరికివాడనడానికి నాకైతే నోరు రాదు.

అసలు 1943లో ఉండిపోవడం అంత సులువుగా మనిషి చేతిలో ఉన్న విషయం కూడా కాదు. అప్పటికి ఆస్ట్రేలియా జనాభా 70 లక్షలు. యుద్ధం ముగిసేలోపు యూనిఫాం వేసుకున్నవాళ్ళు దాదాపు పది లక్షలు. మిగిలినవాళ్ళను ప్రభుత్వం రైల్వేలకీ, ఓడల మరమ్మతులకీ, ఆయుధాల ఫ్యాక్టరీలకీ కట్టేసింది. ఎవరు ఏ పని చేయాలో చెప్పడానికి 1942లో ప్రత్యేకంగా ఒక శాఖే పెట్టారు. న్యూటౌన్ పక్కనే ఎవ్‌లీ రైల్వే వర్క్‌షాపులున్నాయి. బాల్మెయిన్‌కు ఎదురుగా నీళ్ళలో కాకటూ దీవి డాక్‌యార్డ్. సింగపూర్ పడిపోయాక దెబ్బతిన్న యుద్ధనౌకలు అక్కడికే వచ్చేవి. ఈ పేటల్లో శనివారం టికెట్ కొనుక్కుని మ్యాచ్‌కు వచ్చిన జనం యుద్ధానికి దూరంగా ఉన్నవాళ్ళేమీ కాదు.

మన తీరానికీ అది దూరమేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మే నెలాఖరు రాత్రి వాళ్ళ చిన్న జలాంతర్గాములు సిడ్నీ హార్బర్‌లోకే దూరి ఒక నౌకను ముంచాయి. 21 మంది నావికులు పోయారు. అయినా ఆ సీజన్ ఆగలేదు. క్రికెట్‌లో షెఫీల్డ్ షీల్డ్ మాత్రం ఆగింది, ఎందుకంటే దానికి రాష్ట్రాలు దాటి ప్రయాణం చేయాలి. సిడ్నీ లీగ్‌లో ఎనిమిది క్లబ్బులూ ఒకే నగరంలోవి. పెట్రోలుకు రేషన్ ఉన్నా ట్రామ్ ఎక్కితే గ్రౌండ్ వచ్చేస్తుంది. లీగ్ బతికిపోవడానికి దేశభక్తి కంటే ఆ ట్రామే పెద్ద కారణమని నా అభిప్రాయం.

విలువ సంగతి అడిగారు. 1942 విజేత కాంటర్బరీ, మరుసటేడు చిట్టచివర. ఆరు సీజన్లలో అయిదు వేర్వేరు క్లబ్బులు గెలిచాయి, రెండుసార్లు గెలిచింది ఈస్టర్న్ సబర్బ్స్ ఒక్కటే. ఆట స్థాయి తగ్గలేదని నేను వాదించను. జనం మాత్రం లెక్కచేయలేదు. 1943 సెప్టెంబరులో ఆస్ట్రేలియా సేన న్యూగినీలో లే పట్టణం వైపు కదులుతోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో గ్రాండ్ ఫైనల్‌కు 60,922 మంది వచ్చారు. న్యూటౌన్ 34, నార్త్ సిడ్నీ 7. ట్రైకి, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించినందుకు, అప్పట్లో మూడే పాయింట్లు, కాబట్టి 34 అంటే చితక్కొట్టినట్టే. ఓడిన జట్టు కెప్టెన్ ఫ్రాంక్ హైడ్ తర్వాత రేడియో కామెంటరీతో ఇంటింటికీ తెలిసిన గొంతయ్యాడు. ఆ రెండు క్లబ్బులకూ మళ్ళీ కప్పు దక్కలేదు. నార్త్ సిడ్నీ అయితే ఇంకో గ్రాండ్ ఫైనల్ కూడా చూడలేదు. న్యూటౌన్ చివరిసారి అంతదాకా వచ్చింది 1981లో, అప్పుడూ ఓడింది. ఓడించింది మీ పారమట్టాయే! వాళ్ళకదే మొదటి కప్పు. 1983 తర్వాత డబ్బుల్లేక న్యూటౌన్‌ను పెద్ద పోటీ నుంచి తీసేశారు. మీ అబ్బాయికి ఆ 1943 కప్పుకు విలువ లేదని మాత్రం చెప్పకండి.

ప్రశ్న: 1944లో బాల్మెయిన్ ఒకే ప్రత్యర్థిని ఫైనల్లో రెండుసార్లు ఓడించాల్సి వచ్చిందట. ఇదేం న్యాయం?

జవాబు: అప్పటి నిబంధన అది. లీగ్ దశలో మొదటి స్థానంలో ఉన్న జట్టు నాకౌట్లలో ఓడినా, ‘మాతో ఇంకోసారి ఆడండి’ అని సవాలు చేయొచ్చు. న్యూటౌన్ సెమీస్‌లో సెయింట్ జార్జ్‌ను 55–7తో ఊడ్చేసి, ఫైనల్లో బాల్మెయిన్ చేతిలో 16–19తో ఓడింది. హక్కు వాడుకుని సవాలు చేసి, మళ్ళీ 8–12తో ఓడింది. నాకు పూర్తి న్యాయంగానే కనిపిస్తోంది.

ప్రశ్న: బంపర్ ఫారెల్ ప్రత్యర్థి చెవి కొరికాడని మా సిడ్నీ ఆఫీసులో ఒక పెద్దాయన ఎప్పుడూ చెబుతుంటాడు. నిజమేనా?

జవాబు: చెవి తెగిన మాట నిజం. 1945 జూలైలో సెయింట్ జార్జ్ ఫార్వర్డ్ బిల్ మెక్‌రిచీకి అది జరిగింది. గాయం ముదిరి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. కొరికింది ఫారెలేనని అతని ఆరోపణ, కాదని ఫారెల్ వాదన. లీగ్ విచారణ జరిపి, స్వల్ప తేడాతో ఓటేసి ఫారెల్‌ను వదిలేసింది. ‘నా కట్టుడు పళ్ళు ఆ టైంలో డ్రెస్సింగ్ రూంలో ఉన్నాయి’ అని ఫారెల్ అన్నట్టు ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. కథ బాగానే ఉంది కానీ దాని మీద తీర్పు చెప్పడం నా వల్ల కాదు.

ఈ గొడవ జరిగిన హెన్సన్ పార్క్ ఇంకా మారిక్‌విల్‌లో ఉంది. న్యూటౌన్ ఇప్పుడు జెట్స్ పేరుతో కింది స్థాయి పోటీలో అక్కడే ఆడుతుంది. సిడ్నీ వెళ్తే మా అల్లుడు ఆపెరా హౌస్ అంటాడు, నేను హెన్సన్ పార్క్ అంటాను. మీ పెద్దాయన్ని కూడా అక్కడికి తీసుకెళ్ళండి, కాకపోతే చెవి కథ ఇంకోసారి వినడానికి సిద్ధపడి వెళ్ళండి.