ఒన్‌టౌన్ రిపోర్ట్ ఇంకోసారి రాసే ముందు

అమ్మలూ,

మన బెజవాడ పాత బజారు ఒన్‌టౌన్‌ని ఎలా బాగుచెయ్యాలో నువ్వు రాసిన రిపోర్ట్ డ్రాఫ్ట్ మొత్తం చదివా, మ్యాపులు చాలా బాగొచ్చాయి. కానీ థియరీ అంతా మొదటి చాప్టర్‌లోనే వదిలేసి చివరికొచ్చేసరికి రోడ్డు వెడల్పు, పార్కింగ్, పాత బిల్డింగులు తీసేసి కాంప్లెక్స్ అని రాసేశావ్, అది అచ్చం 1949లో అమెరికా చేసిన హౌసింగ్ చట్టంలోని ఆలోచనే తల్లీ. పాడుబడ్డ పేటని పూర్తిగా పడగొట్టి స్థలం డెవలపర్‌కి ఇస్తే ఊరు బాగుపడుతుందని వాళ్ళ నమ్మకం, కొని పడగొట్టి తక్కువకి అమ్మితే వచ్చే నష్టంలో మూడింట రెండొంతులు సెంట్రల్ గవర్నమెంటే భరించింది, అంత డబ్బొస్తుంటే ఏ మున్సిపాలిటీ ఆగుతుంది చెప్పు. ఎక్కువగా పోయింది నల్లజాతి వాళ్ళ ఇళ్ళే.

దాని మీదే 1961లో జేన్ జేకబ్స్ అనే అమెరికా రచయిత్రి తన పుస్తకంలో విరుచుకుపడింది. వీధిలో మనుషులు తిరుగుతుంటే భద్రత అన్న మాట ఒక్కటే నువ్వు తీసుకున్నావ్, మన ఒన్‌టౌన్‌కి ఇంకా పనికొచ్చేది వేరే ఉంది, పాత బిల్డింగుల్లో అద్దె తక్కువ కాబట్టే చిన్న వ్యాపారం నిలబడుతుంది అని ఆవిడ చెప్పింది. అందుకని ముందు అద్దెలు రాసుకో. షాపు సొంతమా అద్దెదా, ఎన్నేళ్ళనుంచి, షాపులోకి దిగేటప్పుడు గుడ్‌విల్ కింద ఎంతిచ్చారు, పైన గోడౌనా కాపురమా. మొదటి రోజు ఎవరూ చెప్పరు, విసుక్కోకు, పొద్దున్నే సరుకు దించే ముఠా కూలీలతో కూర్చుని మాట్లాడు, ఏ కొట్టుకి ఏ సరుకు ఎప్పుడు దిగుతుందో వాళ్ళకే బాగా తెలుసు.

తర్వాత 1979లో నీల్ స్మిత్ అనే జాగ్రఫీ పండితుడు చెప్పిన రెంట్ గ్యాప్ తియ్యి, అంటే ఆ స్థలం మీద ఇప్పుడొచ్చే అద్దెకీ, కొత్తది కడితే రాగలిగే అద్దెకీ ఉన్న తేడా. అది ఎక్కువున్న వీధులకి మ్యాప్ మీద ఎర్ర రంగు వెయ్యి, నీ ప్లాన్ అమలైతే ముందు ఖాళీ చెయ్యాల్సొచ్చేది అక్కడి అద్దెవాళ్ళే. ఈ మ్యాప్ లేకుండా రిపోర్ట్ ఇవ్వకు, గట్టిగానే చెప్తున్నా.

రోడ్డు అసలు వద్దని కాదు. 1915 ప్రాంతంలో పాట్రిక్ గెడెస్ అనే స్కాట్లండ్ టౌన్ ప్లానర్ మద్రాస్ ప్రెసిడెన్సీ ఊళ్ళు తిరిగాడు, బెజవాడ కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. పేట మొత్తం చీల్చేసి వెడల్పు రోడ్డు వెయ్యకుండా, బాగా శిథిలమైన ఇళ్ళు కొన్నే తీసి సందులు కలిపి, మిగిలిన ఖాళీలో చెట్లు పెట్టమన్నాడు. ఖర్చు కూడా బాగా తగ్గుతుందన్నాడు. అలా చెయ్యాలంటే ఇల్లిల్లూ తిరగాలి, ఆఫీసులో కూర్చుని గీత గీస్తే కుదరదు.

మన పాలసీలో కూడా ఇవన్నీ కలగాపులగంగా వచ్చాయి. 2005లో సెంట్రల్ గవర్నమెంట్ ఊళ్ళ కోసం పెట్టిన జెఎన్‌ఎన్‌యుఆర్‌ఎమ్ పథకంలో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఒక భాగం, పేదవాళ్ళ ఇళ్ళూ సౌకర్యాలూ ఇంకో భాగం. ఆ ఇళ్ళు మన దగ్గర ఊరి బయట జక్కంపూడిలో కూడా కట్టారు, ఇల్లొచ్చింది సరే, పనేమో టౌన్‌లో ఉండిపోయింది. అందుకే నీ రిపోర్ట్‌లో ఎవరినైనా కదపమని రాస్తే వాళ్ళ పని చోటు ఎంత దూరమవుతుందో ఆ పక్కనే రాయాలి. తోపుడు బళ్ళ సంగతి నువ్వసలు ఎత్తలేదు, వీధి వ్యాపారుల కోసం చేసిన 2014 చట్టం ప్రకారం సర్వే అయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్ళని తీసెయ్యకూడదు, వాళ్ళ సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ళే ఉండాలి.

శివాలయం వీధితో మొదలుపెట్టు. అద్దెల లిస్టు అయ్యాక ఫోన్ చెయ్యి, ప్రపోజల్ చాప్టర్ ఇద్దరం కూర్చుని మళ్ళీ రాద్దాం.

మావయ్య