వెతికినందుకు డబ్బు ఎవరిస్తారు?

నిజాంపేటలో సీలింగ్ ఫ్యాను బిగించినందుకు మీ దగ్గర 350 రూపాయలు తీసుకున్నారని, ఉప్పల్‌లో మీ స్నేహితుడికి అదే పని 200కే అయిందని రాశారు. ఇల్లు చూసి ధర చెబుతారా అని అడిగారు. 20 ఏళ్లుగా హైదరాబాద్ బోరబండలో ఉంటూ ఎలక్ట్రీషియన్ పని మీదే బతుకుతున్నవాణ్ణి. అవును, ఇల్లు చూసే చెబుతాం. అయితే చూసేది సోఫాలను కాదు. స్లాబుకు కొక్కెం ఉందా, ఫాల్స్ సీలింగ్ లోంచి రాడ్డు దింపాలా, నిచ్చెన మీ దగ్గరే ఉందా, ఒక్కణ్ణే చేయగలనా, మనిషిని వెంట తెచ్చుకోవాలా అన్నవి చూస్తాం. ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపి 'ఎంత?' అంటే వీటిలో ఒక్కటీ తెలియదు. ఫాల్స్ సీలింగ్ వేసేవాళ్లు కొక్కేన్ని కప్పేసి, దాని చోటు కూడా గుర్తు పెట్టకుండా పోతారు. ఆ తర్వాత దాన్ని వెతుక్కునే తిప్పలు మాకు.

కొత్త ఇంటి వైరింగ్ బేరంలో ఇంత గొడవ ఉండదు. పాయింటుకు ఇంత అని లెక్క. లైటుకు, ఫ్యానుకు ఒక రేటు, ఏసీకి, గీజరుకు వేసే 16 ఆంపియర్ల పాయింటుకు ఇంకో రేటు. బాక్సు బిగింపు, ఎర్తింగు వేరు. గోడ కోసేది ఎవరో మాత్రం మొదటే తేల్చుకోవాలి.

అసలు చిక్కు రిపేరు పనిలోనే ఉంది. ఏది చెడిందో తెలియకుండా దానికి ధర ఎలా చెప్పాలి?

కిందటి వానాకాలం మూసాపేటలో ఒక అపార్ట్‌మెంటు నుంచి ఫోను వచ్చింది. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే లైను ఆపేసే స్విచ్చు, మాటిమాటికీ పడిపోతోందట. ఒకాయన వచ్చి దాన్ని మార్చాడు. మరొకాయన వచ్చి ఇంకో కంపెనీది పెట్టాడు. మూడో ఆయన దాన్ని పక్కన పెట్టేసి లైను డైరెక్టుగా కలిపి వెళ్లిపోయాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఫేజులో, అంటే కరెంటు తెచ్చే వైరులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో, అంటే తిరుగుదారి వైరులో తిరిగి వస్తోందా లేదా అని ఆర్‌సీసీబీ కనిపెట్టుకుని ఉంటుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే లైను కట్ చేసేస్తుంది. పాడైన గీజరును తడి చేత్తో ముట్టుకున్న మనిషి ప్రాణం దానివల్లే నిలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో దాన్ని తీసేసి డైరెక్టు చేసినవాడికి ఈ పని చేసే అర్హత లేదు, ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

ఫోనులోనే ధర చెప్పాను. "వెతకడానికి 600. దొరికాక బాగుచేయడానికి ఎంతవుతుందో చూపించి చెబుతాను. దొరకకపోతే 200 ఇచ్చి పంపండి." ఆయన కాస్త నసిగి రమ్మన్నారు.

వెళ్లగానే ఆర్‌సీసీబీని మళ్లీ లైనులో పెట్టాను. నిలబడింది. అక్కడే కూర్చున్న పెద్దావిణ్ణి, "ఏ వేళకు పడుతుందమ్మా?" అని అడిగాను. "సాయంత్రం దీపం పెట్టే వేళకే బాబూ. పగటిపూట ఎవరు వచ్చి చూసినా బాగానే ఉంటుంది," అన్నారు. అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగనే లేదు.

స్విచ్చులన్నీ ఆపి, గది గదికీ వెళ్లి ఒక్కొక్కటే వేస్తూ వచ్చాను. పూజ గదిలో మందిరం లోపలి లైటు వేయగానే పడిపోయింది. ఆ మందిరం కొత్తగా బిగించిందట. వడ్రంగి పనివాళ్లు లైటుకు ఫేజు స్విచ్చు నుంచే తీసుకున్నారు కానీ, న్యూట్రల్ మాత్రం పక్కనే ఉన్న ఏసీ పాయింటులో కలిపేశారు. ఆ ఇంట్లో ఏసీ లైను ఆర్‌సీసీబీ గుండా పోదు. వెళ్లిన కరెంటు తిరిగి ఆ దారిన రాకపోతే అది పడక ఏం చేస్తుంది? మందిరం విప్పి, వైరు జాడ పట్టి, ఏసీ బోర్డు తెరిచి చూసేసరికి సుమారు రెండు గంటలు పట్టింది. న్యూట్రల్ మార్చడం కాసేపటి పని, దానికి 150.

750 చేతిలో పెడుతూ ఆయన, "ముందు వచ్చినవాళ్లు కూలి 200 చొప్పునే తీసుకున్నారు," అన్నారు. పాడుకాని రెండు ఆర్‌సీసీబీలు అటక మీద ఉన్నాయి. ఒక్కోదానికి రెండు వేలకు పైగా ఇచ్చారు. అది ఆయన లెక్కలోకి రాలేదు, సామాను కదా!

నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. వెతికినందుకు ఎవరూ డబ్బు ఇవ్వరు, వస్తువు మారిస్తే మారుమాట లేకుండా ఇస్తారు. అందుకే మా వాళ్లు వెతకడం మానేసి మార్చడం నేర్చుకున్నారు. వాళ్లను దొంగలని నేను అనను. పెట్రోలు పోసుకుని వచ్చి, సగం పూట వెతికి, 'ఏమీ మార్చలేదుగా' అన్న మాటతో వంద రూపాయలు పుచ్చుకుని పోయే మనిషి ఇల్లు ఎలా నడుపుకోవాలి? ఆ లోటును సామానులో పూడ్చుకుంటాడు. కాలనీ దుకాణం నుంచి తెచ్చిన స్విచ్చులో, వైరులో అతనికి వాటా ఉంటుంది. నేను ఆ వాటా తీసుకోను. అందుకే నా కూలి నలుగురికంటే ఎక్కువగా కనిపిస్తుంది, అలా కనిపించినా నాకు బాధ లేదు.

ఇకమీదట ఎవరిని పిలిచినా చూడటానికి ఎంత, బాగుచేయడానికి ఎంత అని విడివిడిగా అడగండి. కూలి పూర్తిగా ఇచ్చి, సామాను మీరే కొనండి. 90 మీటర్ల వైరు చుట్ట మీద అచ్చువేసిన ధరకు తెలిసినవాళ్లెవరూ కొనరు, తగ్గింపు బాగానే ఉంటుంది. పెద్ద పనైతే ఎలక్ట్రీషియన్‌తో జాబితా రాయించుకుని కోఠి దగ్గరి ట్రూప్ బజార్‌కు వెళ్లండి. తగ్గింపును బిల్లులోనే చూపించమని అడగండి. కుదరదంటే ఆ పక్క దుకాణంలో అడగండి, ఆ వీధి పొడుగునా కరెంటు సామాను దుకాణాలే.